హారన్ మోగింది, బండి అనుకున్నారు: పులికాట్‌లో ఒక బోటు ప్రమాదం, కేస్ స్టడీ

జనవరిలో ఒక ఆదివారం, ఉదయం ఏడు దాటిన కాసేపటికి, పులికాట్ సరస్సులో ఒక పర్యాటక బోటు ఒక నాటు పడవను ఒరుసుకుంటూ పోయింది. బోటులో తొమ్మిది మంది ప్రయాణికులు, ఒక సరంగు. పడవలో ఒక పెద్దాయన, ఆయన మేనల్లుడు. ఎవరికీ గాయం కాలేదు. పడవలోని తెడ్డు విరిగింది. నీళ్లలో ఉన్న వల బోటు ప్రొపెల్లర్‌కు చుట్టుకుని పీలికలైంది. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, తగులుకున్నాక గానీ ఒకరి మొహం ఒకరికి కనబడలేదు.

మర్నాడు బోటు యజమాని నాకు ఫోను చేశారు. "సార్, బోటులో హారన్ ఉంది. పనిచేస్తోంది. మా సరంగు మోగించాడు కూడా. ప్రయాణికులే సాక్ష్యం. ఇంకేమి చేయమంటారు?" అన్నారు. గొంతులో కోపం లేదు, నిజంగా అర్థం కాని మనిషి అయోమయం ఉంది. అందుకే ఈ పని ఒప్పుకున్నాను.

ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో డెక్ మీద పనిచేసి వచ్చినవాణ్ని. ఇప్పుడు తిరుపతిలో ఉంటూ, చెరువుల్లోనూ జలాశయాల్లోనూ బోటింగ్ నడిపేవాళ్లకు భద్రతా తనిఖీలు చేసిపెడుతుంటాను. రేవు పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. యజమాని పెట్టిన షరతు అదొక్కటే. తక్కినదంతా రాసుకోమన్నారు.

స్థలం గురించి కొంచెం చెప్పాలి. పాతవాళ్లు ప్రళయకావేరి అని పిలిచే పులికాట్, మన దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. చాలా చోట్ల నీళ్లు నడుము లోతు మించవు. గెడ వేస్తే నేల తగులుతుంది. "ఇంత లోతు లేని నీళ్లలో ప్రమాదం ఏమిటి సార్?" అని నన్ను చాలామంది అడిగారు. ప్రమాదం అక్కడే ఉంది. నీళ్లు తక్కువ కాబట్టి ఇంజన్ ఉన్న బోటు ఎక్కడ పడితే అక్కడ తిరగలేదు. ఉన్న కాస్త లోతు దారినే పట్టుకుని పోవాలి. చేపలు కూడా ఆ లోతులోనే ఉంటాయి, వలలూ అక్కడే పడతాయి. కంటికి సముద్రమంత వెడల్పుగా కనబడే సరస్సులో అందరూ సందులాంటి ఒకే దారిలో నడుస్తుంటారు.

బోటు మీద ఏముంది?

ఆ రేవులో మూడు బోట్లు. రెండు ఫైబర్ బోట్లు, ఒక్కోటి ఆరు మీటర్ల ఎనభై సెంటీమీటర్ల పొడవు, వెనక నలభై గుర్రాల ఔట్‌బోర్డ్ ఇంజన్. మూడోది రెండు పడవలను కలిపి పైన బల్లలు పరిచి, కప్పు వేసిన పంటు. పొడవు పదమూడు మీటర్ల పైచిలుకు, ముప్పై మంది కూర్చుంటారు.

ఫైబర్ బోటులో ఉన్నది కారు హారన్. చెడ్డదేమీ కాదు. కారు హారన్ అనగానే మొహం చిట్లించే తనిఖీదారులను చూశాను, నేను ఆ బాపతు కాదు. కానీ దాన్ని బిగించిన చోటు చూస్తే నవ్వు వచ్చింది. ముందు డెక్ కింద, గొట్టం మూతి సరంగు మోకాళ్ల వైపు తిరిగి ఉంది. నీళ్లు చిమ్మకుండా అలా పెట్టారట. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర పన్నెండున్నర వోల్టులు, బటన్ నొక్కినప్పుడు హారన్ దగ్గర పదికి కాస్త పైన. మధ్యలో రెండు వోల్టులు ఏమయ్యాయి? బ్యాటరీ వెనక, హారన్ ముందు. పోను ఎనిమిది మీటర్లు, రాను ఎనిమిది మీటర్లు. వాడింది ఇంట్లో బల్బుకు వేసే ఒక చదరపు మిల్లీమీటరు తీగ. అయిదు ఆంపియర్లు లాగే హారన్‌కు ఆ తీగలోనే దాదాపు ఒకటిన్నర వోల్టు పోతుంది. మిగతాది ఉప్పుగాలికి పచ్చబారిన అతుకుల్లో పోయింది.

పంటు సంగతి ఇంకా చిత్రం. దాని మీద పాతకాలపు లారీల్లో ఉండే రబ్బరు బూర బిగించారు. పిల్లలకు సరదాగా ఉంటుందని. ఇక లైఫ్ జాకెట్లకు ఉండాల్సిన ఈలలను, పిల్లలు ఊది విసిగిస్తున్నారని కోసి ఒక సంచిలో దాచారు. ఆ సంచి టికెట్ల గదిలో దొరికింది.

నియమం అడిగేది ఏమిటి?

సముద్రంలో ఓడలు ఢీకొనకుండా 1972లో కుదిరిన అంతర్జాతీయ నియమావళి 1977 జులై 15 నుంచి అమల్లో ఉంది. అందులో 32 నుంచి 37 వరకు ఉన్న నియమాలు ధ్వని, వెలుగు సంకేతాలవి. లోపలి జలాల్లో నడిచే నౌకలకు మన దేశంలో 2021లో కొత్త చట్టం వచ్చింది, 1917 నాటి పాత చట్టం పోయింది. ఏ నీళ్లకు ఏ చట్టం అన్న వాదనలోకి నేను యజమానిని లాగలేదు. ధ్వని విషయంలో కొలబద్దగా అంతర్జాతీయ నియమాలనే పట్టుకున్నాను. అవి లెక్కల్లో మాట్లాడతాయి, వాటితో వాదించడం కష్టం.

ఆ లెక్క ప్రకారం పన్నెండు మీటర్లు, అంతకు మించి పొడవున్న నౌకకు విజిల్ తప్పనిసరి. ఇక్కడ విజిల్ అంటే నోటితో ఊదే ఈల కాదు, నిర్ణీత శక్తితో మోగే హారన్. ఇరవై మీటర్లు దాటితే గంట కూడా ఉండాలి. వంద మీటర్లు దాటితే జేగంట కూడా. పన్నెండు మీటర్ల లోపు పడవకు ఇవేవీ తప్పనిసరి కావు. కానీ సమర్థంగా ధ్వని సంకేతం చేయగల సాధనం ఏదో ఒకటి ఉండి తీరాలి. చిన్న పడవకు డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) ఇంత అని ఎక్కడా లేదు. 'సమర్థంగా' అన్న ఆ ఒక్క మాట మీదే బరువంతా ఉంది.

అంటే ఈ రేవులో గట్టి హారన్ అవసరమైనది పంటుకు. దానికేమో రబ్బరు బూర పెట్టారు!

పంటుకు గంట కూడా కావాలని యజమానికి ఎవరో చెప్పారు. ఆయన తిరుపతిలో ఇత్తడి సామాన్ల కొట్టుకు వెళ్లి, గుళ్లో కట్టేంత గంట కొనేశారు కూడా. చెప్పినవాళ్లది పాత లెక్క. ఒకప్పుడు పన్నెండు మీటర్ల నుంచే గంట అడిగేవారు. 2003 నవంబరు నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఆ హద్దు ఇరవై మీటర్లకు పెరిగింది. గంట అక్కర్లేదని చెప్పినప్పుడు ఆయన మొహం చిన్నబోయింది. ఆ గంట సంగతి మళ్లీ వస్తుంది.

పెద్దాయన చెప్పింది

నేను సరంగుతో మాట్లాడకముందే నాటు పడవ పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఇలాంటి కేసుల్లో అందరూ మోగించినవాడిని ముందు అడుగుతారు. నాకు విన్నవాడు కావాలి.

"హారన్ వినబడిందా అన్నా?"

"వినబడకేమి సార్. శుభ్రంగా వినబడింది."

"మరి పక్కకు తప్పుకోలేదేమి?"

"శ్రీహరికోట రోడ్డు మీద బండి అనుకున్నాను."

నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. మంచు పట్టిన ఉదయాల్లో ఆ రోడ్డు మీద కార్లు, బస్సులు హారన్ కొడుతూనే ఉంటాయి. నీళ్ల మీద శబ్దం చాలా దూరం వస్తుంది. పైగా మంచులో అది ఏ దిక్కు నుంచి వచ్చిందో చెవి పట్టుకోలేదు. కారు హారన్ కారులాగే మోగింది. సరంగు కూడా దాన్ని బస్సు డ్రైవర్ వాడినట్టే, ఆపకుండా పాం పాం మంటూ కొట్టాడు. పెద్దాయన చెవి పొరపాటు పడలేదు, విన్నదాన్ని సరిగ్గానే గుర్తుపట్టింది.

ఆయన ఇంకో మాట కూడా అన్నారు. "ఇంజన్ శబ్దం దగ్గరకు వచ్చాక మేమిద్దరం గొంతు చించుకుని కూత వేశాము. వాళ్లకు వినబడలేదు." తర్వాత సరంగు కూర్చునే చోట, ఇంజన్ మామూలు వేగంలో ఉన్నప్పుడు శబ్దం కొలిచాను. మీటరు 84 డెసిబెల్స్ చూపింది. పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాల్సిన స్థాయి అది. మంచులో ఉన్న పడవ కూత ఆ చెవికి ఎలా చేరుతుంది?

హారన్ సామర్థ్యం గురించి మొదలైన నా తనిఖీ అక్కడ దారి మార్చుకుంది. ఒకవైపు విన్నవాళ్లు ఇంకోలా అర్థం చేసుకున్నారు. మరోవైపు మోగించినవాడు వినే స్థితిలోనే లేడు. మొదటిది కొట్లో కొన్న వస్తువుతో నయమయ్యేది కాదు.

సరంగు కుర్రాడు, ఇరవై ఆరేళ్లుంటాయి. ముందు నాతో మాట్లాడటానికి భయపడ్డాడు. టీ తాగాక నోరు విప్పాడు. హారన్ ఎందుకు వాడతావని అడిగితే మూడు సందర్భాలు చెప్పాడు. అడ్డొచ్చిన పడవ తప్పుకోవడానికి, రేవుకు వస్తున్నామని చెప్పడానికి, ఇక మూడోది, రాజహంసలు లేచి ఎగరడానికి. ఫొటో కోసం ప్రయాణికులు అడుగుతారట, చేతిలో యాభయ్యో వందో పెడతారట. ఇక్కడ నాకు కోపం వచ్చింది. ఇది పక్షుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యంలో వన్యప్రాణులను వేధించడాన్ని నిషేధిస్తుంది. అదొక ఎత్తు. రోజుకు పదిసార్లు వినోదానికి మోగే హారన్‌ను పదకొండోసారి ఎవరు పట్టించుకుంటారు?

పరీక్ష

అటవీ సిబ్బందిని అడిగి, పక్షులు మేయని వైపు, ఎండ ఎక్కాక పరీక్ష పెట్టుకున్నాము. నా సహాయకుడు పెద్దాయన పడవలో కూర్చున్నాడు. ఫైబర్ బోటు నిలిచి హారన్ మోగిస్తుంటే, పడవ దూరం జరుగుతూ పోయింది. వినబడితే తువ్వాలు ఊపాలి. ఫోనులో దూరం చూసుకున్నాము.

ఫైబర్ బోటు హారన్ నాలుగు వందల మీటర్ల దాకా స్పష్టంగా వినబడింది, పడవలో ఇంజన్ లేదు కాబట్టి. అదే సహాయకుణ్ని రెండో ఫైబర్ బోటులో, ఇంజన్ నడుస్తుండగా కూర్చోబెడితే నూట యాభై మీటర్ల దగ్గరే అనుమానంలో పడ్డాడు. పంటు రబ్బరు బూర గాలికి ఎదురుగా రెండు వందల మీటర్లు కూడా పోలేదు.

ఇరవై మీటర్ల లోపు నౌక విజిల్‌కు నియమావళి అనుబంధం చెప్పే శక్తి, ఒక మీటరు దూరంలో 120 డెసిబెల్స్. హారన్ శ్రుతి పెరిగే కొద్దీ ఈ సంఖ్య తగ్గుతుంది, 450 హెర్ట్జ్ దాటితే 115, 800 దాటితే 111. వినబడాల్సిన దూరం అర నాటికల్ మైలు, అంటే 926 మీటర్లు. దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెల్స్ పడిపోతుంది. ఆ లెక్కన ఒక మీటరు దగ్గర చెవులు చిల్లులు పడే 120, అర మైలు చేరేసరికి అరవై అవుతుంది, ఇద్దరు కూర్చుని మాట్లాడుకునేంత. పక్కన ఇంజన్ 84 మీద అరుస్తుంటే ఆ అరవై ఎక్కడ వినబడుతుంది? యజమానికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక, పెద్ద హారన్ కొనేస్తే సరిపోతుందన్న మాట మళ్లీ ఎత్తలేదు.

చేసిన మార్పులు

వస్తువుల పని రెండు రోజుల్లో అయిపోయింది. పంటు కప్పు మీద, వీలైనంత ఎత్తులో, ముందుకు తిరిగి ఉండేలా పడవల కోసం చేసిన పొడవు గొట్టం హారన్. దాని శ్రుతి మంద్రంగా, కారు హారన్‌కు ఏమాత్రం పోలిక లేకుండా ఉండేది ఏరి తెచ్చాము. ఎత్తులో పెట్టడానికి ఇంకో కారణం, మోగించేవాళ్ల చెవులు. వాళ్లు నిలబడే చోట 110 డెసిబెల్స్ దాటకూడదు. ఫైబర్ బోట్లకు అదే జాతి చిన్న హారన్లు. తగరం పూత పూసిన రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ, రిలే, ఫ్యూజ్. అతుకులన్నిటికీ గ్రీజు, పైన తొడుగు. బ్యాటరీ పోతే చేతికి అందేలా ఒక్కో బోటుకు నోటితో ఊదే బూర. గ్యాస్ డబ్బా హారన్లు యజమాని ముందే కొని పెట్టారు, నేను వద్దన్నాను. మన మే నెల ఎండలో మూసిన పెట్టెలో అలాంటి డబ్బా ఉంచడం నాకు ఇష్టం లేదు, పైగా ఎప్పుడు అయిపోతుందో బయటికి తెలియదు. లైఫ్ జాకెట్ల ఈలలు మళ్లీ జాకెట్లకెక్కాయి, ఈసారి లోపల గింజ లేనివి. గింజ ఉన్న ఈల ఉప్పునీళ్లలో తడిస్తే గింజ అంటుకుపోయి గాలి తప్ప శబ్దం రాదు.

కూతలు నేర్పడానికే మూడు వారాలు పట్టింది.

నియమావళిలో కూతలు రెండే. పొట్టి కూత ఒక సెకను. పొడుగు కూత నాలుగు నుంచి ఆరు సెకన్లు. ఒకరికొకరు కనబడుతున్నప్పుడు ఇంజన్ బోటు ఒక పొట్టి కూత వేస్తే కుడికి తిరుగుతున్నానని, రెండు వేస్తే ఎడమకని, మూడు వేస్తే ఇంజన్‌ను వెనక్కు తిప్పుతున్నానని అర్థం. అయిదు పొట్టి కూతలు గబగబా వేస్తే, నీ ఉద్దేశం నాకు అర్థం కావడం లేదని. మంచులో ఇవి పనికిరావు. కనబడనివాడికి కుడి ఎడమలు చెప్పి ప్రయోజనం లేదు. మంచులో కదులుతున్న ఇంజన్ బోటు రెండు నిమిషాలకు మించని వ్యవధిలో ఒక్కో పొడుగు కూత వేయాలి. ఇంజన్ ఆపి తేలుతూ నిలిచి ఉంటే రెండు పొడుగు కూతలు, మధ్యలో రెండు సెకన్లు. పన్నెండు మీటర్ల లోపు పడవ ఇవే కూతలు వేయనక్కర్లేదు గానీ, ఏదో ఒక గట్టి శబ్దం రెండు నిమిషాలకోసారి చేయాల్సిందే.

రోడ్డు మీద ఏ బండీ రెండు నిమిషాలకోసారి, అయిదు సెకన్ల పాటు, ఒక్కసారి మాత్రమే హారన్ కొట్టదు. పెద్దాయన చెవికి బండిని, బోటును విడదీసి చెప్పేది ఆ లయే.

ఆ అయిదు సెకన్లు సరంగుల చేతికి పట్టుబడలేదు. కంగారులో మనిషి సెకన్లు తప్పు లెక్కపెడతాడు. ఒకడు రెండు సెకన్లకే వదిలేస్తాడు, ఇంకొకడు పది దాకా నొక్కుతాడు. చివరికి ఉపాయం ఆ కుర్రాడే చెప్పాడు. కాలినడకన కొండెక్కేవాళ్లు అనే "ఏడుకొండలవాడా, వెంకటరమణా, గోవిందా గోవింద" ఒకసారి మనసులో నిదానంగా అనుకుంటే అయిదు సెకన్లు. గడియారం పెట్టి చూశాను, సరిపోయింది. పొట్టి కూతకు ఒక్క 'గోవిందా'. మా శిక్షణ కాగితంలో అదే రాసుకున్నాము.

వినడం నేర్పడం ఇంకా కష్టమైంది. మంచులో ప్రతి కూత తర్వాత ఇంజన్‌ను నెమ్మది చేసి, ముందు కూర్చున్న సహాయకుడు చెవి ఒగ్గి వినాలి. ముందు వైపు నుంచి ఏదైనా శబ్దం వస్తే వేగం కనిష్ఠానికి తగ్గించాలి, అవసరమైతే ఆపేయాలి. "ఆగి ఆగి పోతే ప్రయాణికులు గొణుగుతారు సార్" అన్నారు. గొణగనివ్వండి అన్నాను. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తర్వాత జనం బోటు ఎక్కగానే లైఫ్ జాకెట్ అడుగుతున్నారు. హారన్ సంగతి అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

జాలరులు ఒప్పుకోనిది

నాటు పడవలకు కూడా నోటి బూరలు యజమాని ఖర్చుతోనే ఇద్దామనుకున్నాము. ఒడ్డున కూర్చుని మాట్లాడితే జాలరులు ససేమిరా అన్నారు. "మా నీళ్లలో మేము బూర ఊదుకుంటూ తిరగాలా? తాతల నాటి నుంచి ఉన్నాము. వచ్చినవాళ్లు చూసుకుని పోవాలి" అని ఒకరు. న్యాయమైన మాటే. మరొకరు ఇంకా గట్టి కారణం చెప్పారు. శబ్దం చేస్తే చేప చెదురుతుంది. వల దగ్గర నిశ్శబ్దంగా ఉండటం వాళ్ల పనిలో భాగం. నియమం రెండు నిమిషాలకోసారి శబ్దం చేయమంటుంది, కడుపు వద్దంటుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

అందుకని సర్దుబాటు బోట్ల వైపు నుంచే జరిగింది. రేవు నుంచి అయిదు వందల మీటర్ల దూరంలో, లోతు దారి పక్కన, ఎర్ర రంగు వేసిన సరుగుడు గుంజ ఒకటి పాతించాము. ఉదయం ఆ గుంజ కనబడకపోతే ఏ బోటూ కదలదు. ఎంత పెద్ద మనిషి సిఫారసు తెచ్చినా అంతే. జాలరులు ఒప్పుకున్నది ఒక్కటే. మంచులో బోటు పొడుగు కూత వినబడితే, దగ్గర్లో ఉన్న పడవ స్టీలు పళ్లేన్ని గరిటెతో నాలుగు దెబ్బలు కొడుతుంది. అది చాలు, చిన్న పడవకు నియమం అడిగే 'సమర్థమైన సాధనం' వంటగదిలోంచి వచ్చినా అభ్యంతరం లేదు. చిరిగిన వలకు, విరిగిన తెడ్డుకు యజమాని డబ్బు కట్టాకే ఈ మాట కుదిరిందని కూడా రాయాలి. అంతకు ముందు రెండుసార్లు సమావేశం పెడితే ఎవరూ రాలేదు.

ఆ తర్వాత

వచ్చిన డిసెంబరులో నేను మళ్లీ వెళ్లాను. నేను వెళ్లడానికి వారం ముందు, గుంజ కనబడుతుండగానే బయలుదేరిన పంటును దారిలో మంచు కమ్మేసిందట. సరంగు అదే కుర్రాడు. లోతు దారికి పక్కగా జరిపి లంగరు వేశాడు. లంగరు వేసి ఉన్నప్పుడు, దగ్గరికి వస్తున్న నౌకను హెచ్చరించడానికి ఒక పొట్టి, ఒక పొడుగు, ఒక పొట్టి కూత వేయవచ్చు. ఆ వరుసలోనే వేస్తూ కూర్చున్నాడు. మూడో వరుసకు మంచులోంచి పళ్లెం మోగింది. నలభై నిమిషాలకు మంచు విడిస్తే, వంద మీటర్లలో రెండు పడవలు వలలతో ఉన్నాయి.

అన్నీ బాగుపడ్డాయని కాదు. ఒక ఫైబర్ బోటు హారన్ గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. ఉదయం ఒకసారి మోగించి చూడాలన్న వరుసలో ఆ వారమంతా టిక్కులు పెట్టి ఉన్నాయి, అంటే మోగించకుండానే పెట్టారన్నమాట. రాజహంసలను లేపడానికి హారన్ కొట్టడం ఆగిందని చెప్పారు. నా ముందు మాత్రం ఎవరూ కొట్టలేదు.

ఇక ఆ ఇత్తడి గంట. యజమాని దాన్ని రేవులో వేపచెట్టుకు కట్టించారు. నియమం అడిగింది కాదు. కానీ మంచులో చిక్కిన బోటుకు ఒడ్డు ఎటువైపో చెప్పడానికి దానికన్నా మంచిది లేదని జాలరులే అన్నారు. దాని స్వరం ఏ బండికీ లేదు కదా. గుంజ కనబడని ఉదయాల్లో రేవు పక్కన టీ కొట్టు నడిపే ఆయన దాన్ని నిమిషానికోసారి కొడుతున్నారు. పోయిన నెల ఆయన యజమానిని జీతం అడిగారు. గంట పడవలకు కూడా పనికొస్తోంది కాబట్టి జాలరులు సగం ఇవ్వాలని యజమాని అంటున్నారు. వచ్చే ఆదివారం దాని మీద కూర్చోవాలి, నన్ను కూడా రమ్మన్నారు.